వెనక చేతికి అందని బ్యాగు

1వ రోజు

ఈ పుస్తకం నాకిచ్చింది బ్యాగుల ఎంపిక సంఘం అధ్యక్షులు రామభద్రయ్య గారు. "గంగాధరం గారూ, మూడు రకాల బ్యాగులొచ్చాయండి. ఒక్కోటీ తగిలించుకుని తొక్కండి. ఏది బాగుంటే అది కరకట్ట మీద నాలుగు వేలమందికీ తెప్పిద్దాం. ఉన్నదున్నట్టు రాయండి" అన్నారు. ఉన్నదున్నట్టు రాయడం నాకు బాగా వచ్చిన పని. నాకు స్నేహితులు లేకపోవడానికి కారణం కూడా అదే.

రామభద్రయ్య గారు జన్మలో సైకిలెక్కలేదు. ఆయన ఇల్లు సంఘం ఆఫీసు మేడ మీదే. మెట్లు దిగితే ఉద్యోగం, ఎక్కితే భోజనం. సైకిలు బ్యాగుల గురించి తీర్పు చెప్పడానికి కరకట్ట మొత్తం గాలించి ఆయన్ని పట్టుకున్నారు.

ఇప్పుడు మా వీపుల మీదున్న బ్యాగుకి పదకొండేళ్ళు. జిప్పులు ఉప్పుగాలికి తుప్పుపట్టి సగం పళ్ళు రాలిపోయాయి. మార్చాల్సిందే, కాదనను.

పొద్దున్న అయిదున్నరకి బారు కదిలింది. మేం పనిచేసే నీళ్ళ స్టేషను పదిహేడు కిలోమీటర్లు. కట్ట మీద దారి నాలుగడుగుల వెడల్పు. కుడివైపు సముద్రం. ఎడమవైపు కూడా సముద్రమే, కాకపోతే దాన్ని మావాళ్ళు ఇంకా పొలాలు అనే పిలుస్తారు. మోటారు బండి ఎక్కితే కట్ట కుంగుతుంది కాబట్టి అందరం సైకిళ్ళమీదే. నలభైమంది ఒక బారు. మధ్యలో ఎవడూ ఆగకూడదు, ఆగితే వెనకున్నవాళ్ళు ఒకరి మీద ఒకరు పడతారు.

అందుకే మా దగ్గర ఎవడి బ్యాగు వాడు తెరవడు. దాహమైతే పిడికిలి ఎత్తాలి. వెనకున్న మనిషి కాస్త ముందుకు జరిగి, ఒక చేత్తో హ్యాండిల్ పట్టుకుని, రెండో చెయ్యి ముందువాడి బ్యాగులో పెట్టి సీసా తీసి అందిస్తాడు. రెండు వేళ్ళెత్తితే తిండి. బొటనవేలు ఎత్తితే మందు. నీళ్ళు కుడిపక్క, తిండి ఎడంపక్క, మందు పైన. మా బడిలో అక్షరాల కంటే ముందు నేర్పేది ఇదే, కళ్ళు మూసుకుని ఎదుటివాడి బ్యాగులో వస్తువు పట్టుకోవడం. అందరికీ ఒకే రకం బ్యాగు ఉండాలని సంఘం పట్టుబట్టేది కూడా ఇందుకే, చెయ్యి వెతుక్కోకూడదు. బారులో ఆఖరివాడికి నీళ్ళందించే దిక్కుండదు గనక ఆ చోటు వంతులవారీగా వేస్తారు.

ఇంత దరిద్రపు అలవాటు భూమ్మీద ఇంకెక్కడా ఉండదని నా నమ్మకం. నా బ్యాగులో పరాయి చెయ్యి తిరగడం నాకు మొదట్నుంచీ గిట్టదు.

మొదటి బ్యాగు నగరం సరుకు. ఇరవైరెండు అరలు. కలానికొకటి, కళ్ళజోడుకొకటి, తాళాలకొకటి. ఏ అర దేనికో చెప్పే కాగితం పెట్టుకోవడానికి కూడా ఒక అర ఉంది. ఆరో కిలోమీటరు దగ్గర పిడికిలెత్తాను. నా వెనక తొక్కే లోవకుమారి చెయ్యి పెట్టి దేవులాడింది, దేవులాడింది. చివరికి నా చేతిలో సబ్బుబిళ్ళ పెట్టింది.

"నీళ్ళే అరలో పెట్టారండీ?" అంది.

"నాకేం తెలుసు, పెట్టింది పొద్దున్న" అన్నాను.

3వ రోజు

నా ముందు తొక్కేవాడు అబ్బులు. పంపుల దగ్గర గ్రీజు పెట్టే పని. పంతొమ్మిదేళ్ళుగా వాడి వీపు చూస్తున్నాను. మొహం అందులో సగం కూడా చూసి ఉండను, చూసినంత వరకు వీపే నయం. మాటకు ముందు ఆయ్, మాట తర్వాత ఆయ్. చక్కెర జబ్బు మనిషి, రోజూ ఇంటి దగ్గర సూది వేసుకుని బయల్దేరతాడు. ఎదురుగాలిలో తొక్కితే పదకొండో కిలోమీటరు వచ్చేసరికి చక్కెర పడిపోయి చేతులు వణుకుతాయి. బొటనవేలెత్తుతాడు. నేను వాడి బ్యాగు పైమూతలోంచి బెల్లం ముక్క తీసి చేతిలో పెడతాను. పంతొమ్మిదేళ్ళలో ఒక్కసారైనా వెనక్కి తిరిగి థాంక్స్ చెప్పింది లేదు. తిరిగితే నీళ్ళలో పడతాడనుకోండి, అది వేరే సంగతి.

చెరుకు పండే నేల లేదు కాబట్టి బెల్లం మందుల దుకాణంలో డాక్టరు చీటీ మీదే ఇస్తారు. అబ్బులుకి చీటీ ఉంది. నాకు లేదు. నాకు జీళ్ళంటే ప్రాణం. సోమవారం సోమవారం వచ్చే పడవవాడి దగ్గర రహస్యంగా, స్టేషనులో పారేసే రాగితీగ ముక్కలిచ్చి, బెల్లప్పాకం సాగదీసి నువ్వులద్దిన జీళ్ళు వారానికి ఆరు తీసుకుంటాను. రోజుకొకటి బ్యాగు ఎడంపక్క వేసుకుంటాను. ఇప్పటికి ఎనిమిది నెలలుగా స్టేషనుకి చేరి చూసుకుంటే ఆ జీడి ఉండదు.

ఎవరు తీస్తున్నారో కనుక్కోవడానికి పెద్ద బుర్ర అక్కర్లేదు. నా బ్యాగులో చెయ్యిపెట్టే హక్కున్న మనిషి ఒక్కర్తే. ముప్ఫైరెండేళ్ళ ఆడమనిషి, వడపోత తొట్లు కడిగే ఉద్యోగం, మొహం చూస్తే అమ్మవారి గుళ్ళో దీపం పెట్టే రకంలా ఉంటుంది. అడుగుదామంటే నా జీళ్ళే దొంగసరుకు.

ఇవాళ మాత్రం పంతొమ్మిదో అరలో దాచాను. స్టేషనుకి వెళ్ళేసరికి ఉంది. నేను నీటిమట్టాలు రాసే గేజీల గదిలో తలుపేసుకుని తిన్నాను. ఇరవైరెండు అరల బ్యాగు గురించి నేను రాయగల మంచిమాట ఇదొక్కటే.

5వ రోజు

పంతొమ్మిదో అర కూడా కనిపెట్టేసింది.

పక్కగాలికి ఈ బ్యాగు అరలన్నీ బుడగల్లా ఉబ్బి నన్ను రెండుసార్లు కట్ట అంచుదాకా తోశాయి. నడుం పట్టీ లేదు. వీపు దగ్గర గాలాడే జాలీ అన్నారు, ఆడింది గాలి కాదు చెమట. ఇది ఇంట్లో కూర్చున్నవాడు ఇంట్లో కూర్చున్నవాడి కోసం కుట్టిన బ్యాగు. రామభద్రయ్య గారికి బహుమతిగా ఇవ్వవచ్చు. పరీక్ష ముగించాను.

6వ రోజు

రెండోది మన కరకట్ట చివర తెరచాపలు కుట్టే కార్ఖానాలో తయారైంది. చూడగానే నవ్వొచ్చింది. గోనెసంచికి రెండు పట్టీలు తగిలించినట్టుంది. పైమూతని మూడుసార్లు చుట్టి కొయ్య బొత్తాం పెట్టాలి. పక్కలకి రెండు అరలు, పైన మందుల అర. జిప్పు లేదు, బకిలు లేదు. రంగు పాత చాపది. మా ఆవిడ వరహాలు చూసి, "ఇదే బావుంది, పిండికొట్టుకి కూడా పనికొస్తది" అంది. ఆవిడ మెచ్చుకుందంటేనే నాకు అనుమానం పట్టుకుంది.

9వ రోజు

నాలుగు రోజులు తొక్కాను. గాలికి ఊగలేదు. నిన్న వానలో గంటన్నర తడిసినా లోపల కాగితం తడవలేదు. పట్టీలు భుజాన్ని కోయలేదు. లోవకుమారి చెయ్యి లోపలికి పోవడం, రావడం నాకు తెలియనే తెలియలేదు. తెలియకపోవడం వల్లే నాలుగు రోజులకీ నాలుగు జీళ్ళు పోయాయి.

దొంగలకి ఇంతకంటే అనువైన బ్యాగు ఎవడూ కుట్టలేడు. అలాగే రాసుకున్నాను.

స్టేషను డాక్టరు పోయినేడు నా రక్తం చూసి పెదవి విరిచినప్పట్నుంచీ వరహాలు నాకు టీలో కూడా తీపి పడనివ్వదు. ఆ డాక్టరుకి తన బల్ల మీద కలం ఎక్కడుందో తెలీదు, నా రక్తంలో ఏముందో తెలుస్తుందట. అరవైయొక్కేళ్ళ మనిషికి రోజుకొక జీడి. అది కూడా దక్కనివ్వరు.

11వ రోజు

మూడోది వచ్చింది. నాకు నచ్చింది. ఈ పుస్తకంలో నచ్చింది అనే మాట ఇదే మొదటిసారి రాయడం.

ఇది నగరంలో రద్దీ రోడ్ల మీద తిరిగేవాళ్ళ కోసం చేసిన దొంగకందని బ్యాగు. బయటినుంచి చూస్తే నున్నగా తాబేలు చిప్పలా ఉంటుంది, ఎక్కడా మూత కనబడదు. తెరుచుకునే చోటు మన వీపుకి ఆనుకుని ఉంటుంది. తీసి ఒళ్ళో పెట్టుకుని సొంతదారు బొటనవేలు ఆనిస్తేనే తాళం ఊడుతుంది. మూడుసార్లు తప్పువేలు పెడితే దొంగ అనుకుని పది నిమిషాల పాటు ఎవరికీ తెరుచుకోదు. గుడ్డ లోపల సన్నటి ఉక్కు అల్లిక. నీళ్ళు తాగడానికి భుజం మీంచి గొట్టం వస్తుంది, కాబట్టి పిడికిలెత్తి దేబిరించక్కర్లేదు.

రెండు నమూనాలు పంపారు. రెండోది అబ్బులు చేతిలో పెట్టాను.

"నాకొద్దండి బాబూ" అన్నాడు. "నాది జబ్బు ఒళ్ళండి, ఆయ్. ఎనకాల మీరున్నారనే ధైర్నంతోటే తొక్కుతన్నానండి. ఇది తాళవేసేత్తే మీరెలా తీత్తారండి?"

"నీ చొక్కాకి జేబు లేదట్రా? బెల్లం అందులో వేసుకో. నీ చేత్తో నువ్వు తినలేవా? నీకు అరవయ్యో ఏడు వచ్చినా నేనే తినిపించాలా?"

"అంతేనంటారా?"

"అంతేనంటున్నాను."

"మీరు సదూకున్నోరండి. మీరన్నాక ఇంకేవుందండి" అని తగిలించుకున్నాడు. బెల్లం డబ్బా మాత్రం అలవాటు కొద్దీ బ్యాగు పైభాగంలోనే పెట్టి, రెండు ముక్కలు జేబులో వేసుకున్నాడు.

12వ రోజు

కత్తి తీసుకుని బ్యాగు మీద గట్టిగా గీశాను. గీత కూడా పడలేదు. అద్భుతం.

లోవకుమారి ఆరో కిలోమీటరు దగ్గర అలవాటుగా ముందుకు జరిగింది. చెయ్యి బ్యాగు మీద కాసేపు అటూ ఇటూ తిరిగింది. మూత దొరకలేదు. వెనక్కి తగ్గిపోయింది. నాకు పట్టలేనంత ఆనందం వేసింది. స్టేషనులో జీడి తింటూ కిటికీలోంచి ఆమెనే చూశాను.

14వ రోజు

గడువుకి ముందే సిఫార్సు పంపించేశాను. "మూడో బ్యాగు అన్నివిధాలా ఉత్తమం. నాలుగు వేలూ ఇవే తెప్పించవచ్చు. వెనకచేతి అలవాటు వెనకటి రోజులకి సరిపోయింది, ఇక మానుకోవచ్చు" అని రాశాను. రామభద్రయ్య గారు చదివి, నా భుజం తట్టి, వచ్చే పడవలోనే నగరానికి కబురంపుతానన్నారు.

లోవకుమారి స్టేషను గుమ్మం దగ్గర నన్ను ఆపింది. "గంగాధరం గారూ, ఈ బ్యాగు మనకొద్దండి. అబ్బులు బాబాయికేమన్నా అయితే ఎలాగండి?" అంది.

"అబ్బులుకి జేబుంది. నీకొచ్చిన నష్టం ఏమిటో నాకు తెలుసులే" అన్నాను.

ఆమె మొహం ఎర్రబడింది. దొరికిపోయిన దొంగ మొహం అలాగే ఉంటుంది అనుకున్నాను.

16వ రోజు

ఒక విశేషం. పంతొమ్మిదేళ్ళుగా పదో కిలోమీటరు దాటాక నా కళ్ళు అబ్బులు కుడిచేతి మీదే ఉండేవి, బొటనవేలు ఎప్పుడు లేస్తుందా అని. ఇప్పుడా చాకిరీ లేదు. వాడి తిప్పలు వాడు పడుతున్నాడు. ఇవాళ మొదటిసారిగా తల తిప్పి సముద్రం చూశాను. బాగానే ఉంది. మడచెట్ల మీద కొంగలు కూడా ఉన్నాయి. ఇన్నాళ్ళూ నన్నిది చూడనివ్వకుండా ఒక గ్రీజు పూసేవాడి వీపు చూపించారు.

17వ రోజు

ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు. ఉన్నదున్నట్టు రాస్తానని మొదటిరోజు డబ్బాకొట్టుకున్నాను కాబట్టి రాస్తాను.

ఇవాళ దక్షిణపు గాలి విపరీతంగా ఉంది. ఎనిమిదో కిలోమీటరు దగ్గరే అబ్బులు జేబులో చెయ్యి పెట్టడం చూశాను. తర్వాత చూడలేదు. కొంగల్ని చూస్తున్నాను.

పన్నెండో కిలోమీటరు రాయి దాటాక లోవకుమారి అరుపు వినబడింది. "బాబాయ్ బండి సూడండి, బాబాయ్ బండి." తల తిప్పేసరికి అబ్బులు సైకిలు తాగినవాడిలా వంకరటింకరగా పోతోంది. వాడు బొటనవేలెత్తలేదు. ఎందుకెత్తుతాడు? ఎత్తినా నేను తీసివ్వలేనని వాడికి నేనే నేర్పాను. సైకిలు కట్ట అంచు దాటి, ఎడమవైపు వాలులో మడబురదలోకి జారిపోయింది.

నేను బెల్లు కొట్టి దిగాను. ముందున్నవాళ్ళు వెళ్ళిపోయారు, గాలిలో వాళ్ళకి వినబడదు. వెనకవాళ్ళు ఆగి, అదృష్టం కొద్దీ పడకుండా నిలబడ్డారు. నేనూ లోవకుమారీ బురదలోకి దిగి అబ్బుల్ని ఒడ్డుకి లాగాం. ఒళ్ళంతా చెమట, పెదాలు వణుకుతున్నాయి. కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ నన్ను గుర్తుపట్టలేదు. "అమ్మా, పంపు ఆగిపోయిందే" అని ఏదో మాట్లాడుతున్నాడు. జేబులు తడిమాను. ఖాళీ.

బెల్లం వాడి బ్యాగులోనే ఉంది. నాకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు అది ఎక్కడుందో. పైన, మందుల చోట, రేకుడబ్బాలో. బ్యాగు ఊడదీసి, వాడి బొటనవేలు పట్టుకుని తాళం మీద ఆనించాను. వేలినిండా బురద. నా చొక్కాతో తుడిచి మళ్ళీ పెట్టాను. చెమటకి నాని ముడతలు పడి ఉంది. మూడోసారి పెట్టాను. ఎర్రదీపం వెలిగింది. పది నిమిషాలు.

జేబులో కత్తి తీసి బ్యాగుని పొడిచాను. పన్నెండో రోజు అద్భుతం అని రాసిన ఉక్కు అల్లిక అద్భుతంగానే పనిచేసింది. మళ్ళీ పొడిచాను, కత్తి మొన వంగిపోయింది. లోపల డబ్బా గలగలమంటోంది, వినబడుతోంది, చేతికి రాదు.

అప్పుడు నా జీడి గుర్తొచ్చింది. నా బ్యాగు తీసి నా వేలు ఆనించాను. నా చేతులు కూడా మోచేతుల దాకా బురదే. నీళ్ళగొట్టం పిండి కడుక్కుని మళ్ళీ పెట్టాను. నీళ్ళు కారుతున్న వేలే మూడోసారీ పెట్టాను, తాళం నన్ను దొంగ అనుకుంది. అది కూడా ఎర్రగా వెలిగి మూసుకుపోయింది. వెనక ఆగినవాళ్ళని అడిగాను. మజ్జిగన్నం, పులిహోర, ఉప్పుచేప. తీపి వస్తువు ఒక్కరి దగ్గరా లేదు. చీటీ లేనిదే కరకట్ట మీద ఎవరికి దొరుకుతుంది?

అబ్బులు మాట మందగించింది. నేను ఆ బురదలో గొంతుక్కూర్చుని, రెండు మూసుకుపోయిన బ్యాగులు ముందు పెట్టుకుని, ఏం చెయ్యాలో తెలియక ఏడ్చాను. రాయడానికి సిగ్గుగా ఉంది. ఏడ్చిన మాట నిజం.

"జరగండి" అంది లోవకుమారి.

ఆమె వీపు మీదున్నది పాత బ్యాగే, జిప్పు సగం ఊడింది. అందులోంచి చిన్న రేకుడబ్బా తీసింది. మూత తీస్తే ఏడో ఎనిమిదో జీళ్ళు. నువ్వులద్దినవి, పడవవాడివి. ఒకదాన్ని రాయి మీద పెట్టి నలగ్గొట్టి, సీసా మూతలో నీళ్ళతో కలిపి, అబ్బులు తల ఒళ్ళో పెట్టుకుని, గుటక పడుతోందో లేదో చూసుకుంటూ కొంచెం కొంచెంగా తాగించింది. రెండోది కలిపింది. మూడోది కలిపింది. పావుగంటకి అబ్బులు నా మొహంలోకి చూసి, "మీరేంటండి ఇలా బురదలో కూకున్నారు, ఆయ్" అన్నాడు.

ఆ మాటకి ముందే పది నిమిషాలు గడిచి బ్యాగులు రెండూ పచ్చదీపాలు వెలిగించుకున్నాయి. ఎవరూ ముట్టుకోలేదు.

18వ రోజు

అబ్బులుకి కుడిమోచెయ్యి గీరుకుపోయింది. వారం రోజులు విశ్రాంతి. డాక్టరు ఇంకో పావుగంట ఆలస్యమైతే ఏమయ్యేదో నాకు విడమరచి చెప్పాడు. వాడికి కలం ఎక్కడుందో తెలియకపోయినా ఇది తెలుసు. తలొంచుకుని విన్నాను.

స్టేషనులో లోవకుమారి తొట్లు కడుగుతుంటే వెళ్ళి నిలబడ్డాను. మొదటిసారి ఆమె మొహం సరిగ్గా చూశాను. ఎడమ కనుబొమ్మ మీద పుట్టుమచ్చ ఉంది.

"అవి నా జీళ్ళే కదమ్మా?" అన్నాను.

"మీయేనండి."

"ఒక్కటీ తినలేదా?"

"నాకు తీపి పడదండి." చేతులు తుడుచుకుంది. "మీ ఆవిడ గారు తీసెయ్యమన్నారండి. డాక్టరు మీకూ సక్కెరొచ్చే దారిలో ఉందన్నారంట కదండి. సెబితే మీరు ఇనరంట. అందుకని నన్నడిగారు. నెలకోసారి పోగేసి ఆవిడగారికే ఇచ్చేత్తానండి. ఇయి ఈ నెలయి, ఇంకా ఇవ్వలేదు."

"మరి నాతో ఒక్కమాట చెప్పచ్చు కదా? నిన్ను దొంగ అనుకున్నాను ఎనిమిది నెలలు."

"తెలుసండి" అని మళ్ళీ తొట్టి కడగడం మొదలెట్టింది.

ఇంటికెళ్ళి వరహాల్ని నిలదీశాను. ఆవిడ చింతపండు పిసకడం ఆపలేదు. "అవును, తీయించాను. నువ్వు ఎవరి మాటన్నా విన్నావా ఎప్పుడన్నా? నీ ఒళ్ళు కాపాడే దారి నీ వెనకున్న చెయ్యొక్కటే" అంది.

"ఆ జీళ్ళన్నీ ఏం చేశావు?"

"పడవవాడికి తిరిగిచ్చేసేదాన్ని. బదులుగా చింతపండు తీసుకునేదాన్ని."

ఎనిమిది నెలలుగా నేను రాగితీగ ఇచ్చి తెచ్చుకుంటున్నవి నా జీళ్ళే. అవే జీళ్ళు పడవలోంచి నా బ్యాగులోకి, నా బ్యాగులోంచి లోవకుమారి డబ్బాలోకి, అక్కణ్ణుంచి మా వంటింట్లోకి, మళ్ళీ పడవలోకి. ఈ కరకట్ట మీద బుర్ర ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే అనుకుని బతికాను. పడవవాడు నాకన్నా చాలా ముందున్నాడు.

20వ రోజు

సంఘం ఆఫీసుకి వెళ్ళాను. నగరానికి కబురు రేపటి పడవలో వెళ్తుందట. కాగితం రాసి, సంతకం కోసం బల్ల మీద ఉంచారు.

"నేను రాసింది తప్పు. వెనక్కి తీసుకుంటున్నాను" అన్నాను. ఈ వాక్యం జీవితంలో మొదటిసారి పలకడం వల్ల ఆయన నమ్మలేదు, రెండోసారి చెప్పాల్సి వచ్చింది.

రామభద్రయ్య గారు నవ్వారు. "అబ్బులు సంగతి విన్నానండి. పాపం. కానీ ఒక్కడి కోసం ఇంత మంచి బ్యాగు వదులుకుంటామా? జబ్బు మనుషులకి వేరే ఏర్పాటు చేద్దాంలెండి."

ఆయన మాటలు వింటుంటే ఒళ్ళు మండింది. తర్వాత గుర్తొచ్చింది, అవి నా మాటలే, కాస్త మర్యాదగా చెప్పారంతే.

"ఒకసారి మీరు తగిలించుకుని చూడండి" అన్నాను. నేను పట్టుకొచ్చిన మూడో బ్యాగు తాళానికి ఆయన వేలు నేర్పించి, ఆయన కళ్ళజోడు అడిగి తీసుకుని బ్యాగులో పెట్టి, తాళం వేసి, వీపుకి తగిలించాను. తర్వాత వెంట తెచ్చిన చెంబులో ఆయన కుడిచెయ్యి ముంచాను. అందులో పన్నెండో రాయి దగ్గరి బురద.

"ఇదేవిటండీ?"

"ఇప్పుడు కళ్ళజోడు తీసుకుని ఆ కాగితం చదివి సంతకం పెట్టండి."

ఆయన బ్యాగు దింపి వేలు పెట్టారు. పంచెకి తుడుచుకుని పెట్టారు. నా వంక ఒకసారి చూసి మళ్ళీ పెట్టారు. ఎర్రదీపం వెలిగింది. కాగితాన్ని కంటికి దగ్గరగా, దూరంగా పెట్టి చూశారు. ఒక్క అక్షరం కనబడలేదు.

"పది నిమిషాలు కూర్చోండి, అదే తెరుచుకుంటుంది" అన్నాను. నేనూ ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాను. నాలుగో నిమిషానికి ఆయన, "ఇంతసేపు పట్టిందాండీ అక్కడ?" అన్నారు. "ఇంతే. మీ తల ఎవరి ఒళ్ళోనూ లేదు, అదొక్కటే తేడా" అన్నాను.

పచ్చదీపం వెలిగాక ఆయన బ్యాగు తెరిచారు. కళ్ళజోడు పెట్టుకుని, కాగితాన్ని అడ్డంగా చింపి, "ఆ గోనెసంచే తెప్పిద్దాం" అన్నారు. "తెరచాప గుడ్డండి, గోనె కాదు" అన్నాను. ఆ బ్యాగుని నేను వెనకేసుకొస్తున్నానని అప్పుడు గమనించాను.

24వ రోజు

అబ్బులు మళ్ళీ బారులోకొచ్చాడు. నాకు, వాడికి, లోవకుమారికి కార్ఖానా నుంచి వచ్చిన మొదటి మూడు బ్యాగులు ఇచ్చారు. రంగు మాత్రం ఇంకా పాత చాపలాగే ఉంది. ఈ విషయంలో నా అభిప్రాయం మార్చుకోను.

బయల్దేరే ముందు ఎడంపక్క అరలో ఒక జీడి పెట్టాను. అది లోవకుమారి డబ్బాకి. వరహాలుతో చెప్పే పెట్టాను, ఇకమీద అవి పడవకి తిరిగివెళ్ళవు, అబ్బులు కోసం డబ్బాలోనే ఉంటాయి. రెండోది బ్యాగు అడుగున, తువ్వాలు మడతల్లో, చెప్పుల కింద పెట్టాను. అది నాకు. దాని సంగతి వరహాలుతో చెప్పలేదు. మనిషి ఒక్క వారంలో ఎంత మారతాడు?

కొంగలున్నాయి. చూడలేదు. పదకొండో కిలోమీటరు దగ్గర అబ్బులు బొటనవేలు లేచింది. ముందుకు జరిగాను. కొయ్య బొత్తాం ఒక్క వేలితో ఊడింది, డబ్బా చేతికి తగిలింది, బెల్లం ముక్క వాడి చేతిలో పెట్టాను. వాడు వెనక్కి తిరగలేదు. తిరగనందుకు నాకు కోపం రాలేదు.

స్టేషనుకి చేరి బ్యాగు దింపి చూసుకున్నాను. ఎడంపక్క జీడి లేదు. తువ్వాలు విప్పాను. అందులోది కూడా లేదు. తువ్వాలు మడత చెదరలేదు, చెప్పులు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

పరీక్ష ముగిసింది. బ్యాగులో ఏ మూల ఏం దాచినా వెనకచేతికి అందుతోంది.